ఫ్రెట్: ‘ఆగాలి’ అంటే ఎప్పుడు ఆగాలి?

పదకొండేళ్లుగా రిక్వైర్‌మెంట్లు, అంటే యంత్రం ఏం చెయ్యాలో చెప్పే వాక్యాలు, రాయడమే నా పని. ఆ వాక్యాల పత్రాన్ని, అంటే స్పెక్‌ని, ఫార్మల్ లాజిక్‌లో (గణిత సూత్రాల్లో) రాయమంటే మా టీమ్‌లో ఒక్కరూ ముందుకు రారు. రాసినా చదివే నాథుడుండడు. అందుకే నాసా ఏమ్స్ కేంద్రం ఓపెన్ సోర్స్‌గా ఇచ్చిన ఫ్రెట్ (FRET) అనే రిక్వైర్‌మెంట్ల సాఫ్ట్‌వేర్‌ని పట్టుకుని, ఒక ఇన్ఫ్యూజన్ పంపు (సిరలోకి మందు ఎక్కించే యంత్రం) స్పెక్ మీద రెండు నెలలు కూర్చున్నాను.

ఇందులో రాసేది కట్టుదిట్టమైన ఇంగ్లీషు వాక్యం: ఏ షరతు మీద, ఏ భాగం, ఎంతలోపు, ఏం చెయ్యాలి. దాన్నుంచి టెంపొరల్ లాజిక్ (ఏది ఎప్పుడు జరగాలో చెప్పే తర్కం) సూత్రాన్ని ఫ్రెటే తయారుచేస్తుంది. మా పాత స్పెక్‌లో “గాలి బుడగ కనబడితే పంపు ఆగాలి” అని ఉంది. అందరం చదివి సంతకాలు పెట్టిన వాక్యమే. దాన్ని ఉన్నదున్నట్టు ఎక్కిస్తే, ఎప్పుడో ఒకప్పుడు ఆగితే చాలని వివరణ వచ్చింది! సమయం రాయకపోతే ఫ్రెట్ ‘ఈవెంచువల్లీ’ అనే తీసుకుంటుంది. అంటే రోగి సిరలోకి గాలి వెళ్లిపోయాక ఆగినా మా వాక్యం ప్రకారం తప్పులేదు. ఒళ్లు జలదరించింది. వెంటనే ‘వితిన్ 1 సెకండ్’ చేర్చాం.

‘వెన్’ అంటే షరతు కొత్తగా నిజమైన క్షణం, ‘వెనెవర్’ అంటే నిజంగా ఉన్న ప్రతి క్షణం. ఈ తేడా తెలిశాక మా వాక్యాలు సగం తిరగరాశాం.

అన్నిటికన్నా నాకు నచ్చింది రియలైజబిలిటీ పరీక్ష: ఏ ఇన్‌పుట్ వచ్చినా వాక్యాలన్నీ కలిసి నెరవేరగలవా అని చూస్తుంది. బోలస్ (ఒకేసారి ఇచ్చే పెద్ద మోతాదు) మొదలైతే 5 సెకన్లు మందు ఆగకూడదని ఇంకో పేజీలో ఉంది. బోలస్ మొదలైన మరుక్షణమే బుడగ వస్తే? రెండూ కలిసి నెరవేరవని తేల్చి, ఏ క్షణంలో ఏ ఇన్‌పుట్ వస్తే చిక్కుపడతామో పట్టిక వేసి చూపించింది. ఒక్క లైను కోడు రాయకముందే!

ఇన్‌స్టలేషన్ మాత్రం విసిగించింది. ఈ పరీక్ష నడిపే జేకైండ్, కైండ్ 2 లాంటి సాఫ్ట్‌వేర్లు విడిగా పెట్టుకోవాలి. పరీక్షకు ముందు ప్రతి వేరియబుల్‌కీ ఇన్‌పుటో అవుట్‌పుటో చెప్పాలి. నాకు రెండు రోజులు పట్టింది.

రాయని రిక్వైర్‌మెంట్‌ని ఇది కనిపెట్టలేదు. కానీ వాక్యాలు చదవగలిగేలా ఉన్నాయి కాబట్టి మాకు సలహా ఇచ్చే నర్సుగారికి చూపించాను. ఆవిడ బుడగ వాక్యం దగ్గర ఆగి, “ఆగింది సరే, మళ్లీ ఎవరు నొక్కితే మొదలవుతుందండీ?” అని అడిగారు. స్పెక్ మొత్తం వెతికాను, ఎక్కడా లేదు.