ఇంటికి నెట్: ఫైబరా, ఎయిర్‌ఫైబరా, శాటిలైటా?

మీ వీధి స్తంభం మీద ఫైబర్ (కాంతితో నెట్ తెచ్చే సన్నని గాజు తీగ) బాక్స్ ఉంటే ఆలోచించక్కర్లేదు, ఫైబరే పెట్టించుకోండి. లేనివాళ్లకే అసలు లెక్క మొదలవుతుంది.

ఎయిర్‌ఫైబర్‌లో ఇంటిదాకా తీగ రాదు. డాబా మీద బిగించిన డబ్బా 5జీ టవర్ సిగ్నల్ పట్టుకుని, లాన్ కేబుల్ మీదుగా లోపలి రూటర్‌కి అందిస్తుంది. 2023 సెప్టెంబరులో జియో దీన్ని మొదలుపెట్టిన 8 నగరాల్లో హైదరాబాద్ ఒకటి. బిగించేటప్పుడు పక్కనే నిలబడి రెండు అంకెలు అడగండి. సిగ్నల్ బలం చెప్పే ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 80, మైనస్ 90 మధ్య ఉంటే బావున్నట్టు. మైనస్ 110కి దిగజారితే ఆ చోటు పనికిరాదు. రెండోది ఎస్‌ఐఎన్‌ఆర్, అంటే రొద కన్నా సిగ్నల్ ఎంత ఎక్కువో చెప్పే అంకె, అసలు కీలకం ఇదే. 20 దాటితే భేష్. 5 లోపుంటే సిగ్నల్ గీతలు నిండుగా కనిపించినా వేగం రాదు, పక్క టవర్ల రొద దాన్ని మింగేస్తుంది. డబ్బాను మీటరు జరిపినా, కాస్త తిప్పినా ఈ అంకె మారుతుంది, కాబట్టి మొహమాటపడకుండా నాలుగు చోట్ల పెట్టించి చూడండి. 5జీ వాడే 3.5 గిగాహెర్ట్జ్ తరంగాలకు వాన కన్నా చెట్టే పెద్ద అడ్డం. ఫిబ్రవరిలో ఆకు రాల్చిన వేప వెనక నుంచి చక్కగా వచ్చిన లింకు, అది చిగిర్చి గుబురెక్కాక కుంటుతుంది.

వేగం పరీక్ష పగలు 11కి చేస్తే లాభం లేదు, రాత్రి 9కి చేయండి. టవర్ సామర్థ్యాన్ని చుట్టుపక్కల ఫోన్లన్నీ పంచుకుంటాయి. ఫైబర్‌లోనూ పంపకం ఉంది: జీపాన్ (ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు చీల్చే పద్ధతి) పోర్టు ఒక్కటి సెకనుకు దాదాపు 2.5 గిగాబిట్లు ఇస్తుంది, దాన్ని 32 లేదా 64 ఇళ్లకు చీలుస్తారు. 32 ఇళ్లూ ఒకేసారి లాగినా తలా 75 ఎంబీపీఎస్‌కి పైనే.

ఫైబర్‌కున్న శాపం జేసీబీ. తవ్వకాల్లో తీగ తెగిందంటే అతుకు వేసేదాకా ఇంట్లో బాక్స్ మీద ఎర్ర లైటే. కానీ ఎర్ర లైటు వెలిగిన ప్రతిసారీ లైను తెగినట్టు కాదు. టీవీ బల్ల వెనక పసుపు ఫైబర్ తీగ మడత పడినా, కనెక్టర్‌లో దుమ్ము చేరినా అంతే. బాక్స్ సెట్టింగుల్లో కనిపించే, అందే కాంతి బలం మైనస్ 27 డీబీఎం (కాంతి బలం కొలత) దగ్గరికి పడిపోయిందంటే మనిషిని పిలవాల్సిందే.

కరెంటు పోయినప్పుడు ఫైబర్ బాక్స్‌లు చాలావరకు 12 వోల్టుల చిన్న యూపీఎస్‌తో నడుస్తాయి. డాబా డబ్బా అడాప్టర్ వోల్టేజీ వేరుగా ఉండొచ్చు, దాని మీద రాసింది చూసే కొనండి.

ఇక శాటిలైట్. పాత రకం ఉపగ్రహాలు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి, మాట వెళ్లి రావడానికి అర సెకనుకు పైనే. ఎలాన్ మస్క్ కంపెనీ సేవ స్టార్‌లింక్ ఉపగ్రహాలు సుమారు 500 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి కనుక వీడియో కాల్ తడబడదు. దానికి 2025 జూన్‌లో మన దేశంలో లైసెన్స్ వచ్చింది. కానీ ఇంటిమీద పెట్టే దాని పళ్లెం (డిష్) 75 నుంచి 100 వాట్లు తింటుంది, ఆకాశం విశాలంగా కనిపించాలి, కొబ్బరి మట్ట అడ్డొచ్చినా ఆగి ఆగి వస్తుంది. టవరే అందని కొండ ఊళ్లకు సరే, టవర్ కనిపించే ఊళ్లో దండగ.

6జీ వస్తే తీగలే ఉండవనే మాట నమ్మకండి. వేగం కోసం పై బ్యాండ్లకు వెళ్లేకొద్దీ తరంగం దూరం పోలేదు, టవర్లు దగ్గర దగ్గరగా నాటాలి. ఆ టవర్లకు చాలావరకు మళ్లీ ఫైబరే లాగాలి.