క్లారాకు వేదిక, ఫానీకి ఇంటి హాలు

ఇద్దరూ జర్మన్ పియానిస్టులే. క్లారా షూమన్ (1819–1896) తొమ్మిదేళ్లకే లైప్‌జిగ్‌లో గెవాండ్‌హౌస్ కచేరీ హాలు వేదికెక్కింది. ఫానీ మెండెల్సన్ (1805–1847) పదమూడేళ్లకు నాన్న కోసం స్వరకర్త బాహ్ రాసిన చిన్న పియానో ముక్కలు (ప్రెలూడ్లు) 24 నోట్సు చూడకుండా వాయించింది. ఆ నాన్నే 1820లో ఉత్తరం రాశాడు: తమ్ముడికి సంగీతం వృత్తి కావచ్చు, నీకు మాత్రం అలంకారమే అని. డబ్బున్న ఇల్లు మరి, ఆడపిల్ల కచేరీలు చేసి సంపాదిస్తే పరువు తక్కువ! క్లారా నాన్న పియానో మాస్టారు. కూతురిని ఊరూరా తిప్పాడు. 1856లో భర్త పోయాక పిల్లల్ని పోషించింది ఆ వేళ్లే.

ఫానీ బెర్లిన్ ఇంట్లో ఆదివారం కచేరీలు పెట్టేది. ఎవరి వాయింపు గొప్పదో తేల్చలేం, రికార్డింగుల్లేవు. సంగీత రచనల్లో మాత్రం నా ఓటు ఫానీకే: 450కి పైగా రాసింది. సొంత పేరుతో తొలి సంపుటి అచ్చయ్యేసరికి నలభై ఏళ్లొచ్చాయి.