నాలుగేళ్లుగా ఓపెన్‌కేజే: పాటల సంఖ్యలు మార్చి చూశాక

మా కాలనీలో ప్రతి శనివారం జరిగే కరోకే కార్యక్రమానికి నాలుగేళ్లుగా ఓపెన్‌కేజే అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌నే వాడుతున్నాను. ఉచితం, విండోస్, మాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. పాడేవారి వరుస చూసుకోవడానికి, గొంతుకు తగ్గట్టు శ్రుతి మార్చుకోవడానికి ఇంతకంటే మంచిది నాకు దొరకలేదు.

పాట దొరకాలంటే మాత్రం ఫైలు పేరు శుభ్రంగా ఉండాలి. సంఖ్య, గాయకుడు, పాట అనే వరుసలో పేరు పెట్టామని చెబితే డేటాబేస్ అలాగే చదువుకుంటుంది. మనవాళ్లు పాట అడిగేటప్పుడు ముందు చెప్పేది సినిమా పేరు. అందుకే గాయకుడి చోట సినిమా పేరు, విడుదలైన సంవత్సరం పెట్టాను. ‘దేవదాసు’ అని వెతికితే 1953, 1974, 2006 చిత్రాల పాటలు కలిసిపోకుండా కనిపిస్తాయి.

పాటలు రెండు వేలు దాటాక, సినిమాలవారీగా పేర్చి అన్నింటికీ కొత్త సంఖ్యలు వేశాను. మొదటి రాత్రే పొరపాటు చేశాను. ఎంపీ3ల పేర్లు మార్చి, వాటి జత సీడీజీలను వదిలేశాను. సంగీతం ఎంపీ3 ఫైలులో, తెరమీది సాహిత్యం సీడీజీ ఫైలులో ఉంటాయి; రెండింటి పేరూ ఒకటి కాకపోతే ఆ పాట పాడటానికి పనికిరాదు. నకలు దాచుకున్నాను కాబట్టి బతికిపోయాను. తర్వాత ప్రతి జతనూ ఒక జిప్ ఫైలుగా చేశాను. జిప్‌ను మనం విప్పకపోయినా ఓపెన్‌కేజే వినిపిస్తుంది.

అసలు తప్పు శనివారం తెలిసింది. మా కాలనీలోని రిటైర్డ్ టీచరు గారు వచ్చి, “బాబూ, నా 412 పెట్టు” అన్నారు. కొత్త పట్టికలో 412 వేరే పాట. ఆమె చేతిలో అట్ట నలిగిన చిన్న పుస్తకం ఉంది. తాను పాడే పాటలన్నీ అందులో రాసుకున్నారు. పక్కన మా పాత సంఖ్యలు, ఏ పాటకు శ్రుతి ఎంత తగ్గించాలో గుర్తులు. ఆ పుస్తకం మొత్తాన్ని నేను చెరిపేసినట్టయింది. చాలా బాధ కలిగింది.

ఆ వారమంతా కూర్చుని పాత సంఖ్యలు తిరిగి వేశాను. వరుస చెడకుండా ముందు సున్నాలు చేర్చి ఐదంకెలు చేశాను: 00412. తీసేసిన పాట సంఖ్య ఖాళీగానే ఉంటుంది, మరో పాటకు ఇవ్వను. కొత్త పాట ఏ సినిమాదైనా చివరి సంఖ్య తర్వాతే చేరుతుంది. సినిమాలవారీగా కావాలంటే వెతుకుడు గడి ఉండనే ఉంది.