ఇంటి నీటి లైనుకు గ్లిజరిన్ ప్రెషర్ గేజ్: రెండు నెలలు వాడిన తరువాత

మాది కింద ఒక వాటా, పైన రెండు అంతస్తులు ఉన్న మేడ. రెండో అంతస్తులో షవరు సన్నటి ధారగా కారుతుంది. పెరటి కుళాయి తిప్పితే మాత్రం నీళ్లు బకెట్టు దాటి చిందుతాయి. మోటారు బిగించాలని ప్లంబరు, ఐదువందల లీటర్ల ట్యాంకు తీసేసి వెయ్యి లీటర్లది పెట్టమని పక్కింటి బాబాయిగారు చెప్పారు. ఏది కొనాలన్నా ముందు కొలిచి చూడాలనిపించి, చదరపు సెంటీమీటరుకు 2.5 కేజీల వరకు గీతలున్న, డబ్బాలో గ్లిజరిన్ నింపిన పీడనం కొలిచే గేజ్ ఒకటి హార్డువేరు దుకాణంలో తీసుకున్నాను.

ఇంట్లో కుళాయిలన్నీ మూసివేసి, మూడు వాటాలలోనూ వాషింగ్ మెషీను కుళాయికే దీనిని బిగించి చూశాను. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు అందులోని నీటి మట్టం నుంచి ఆ కుళాయిల లోతు కింది వాటాలో 10.8 మీటర్లు, మొదటి అంతస్తులో 7.7, రెండో అంతస్తులో 4.6. పది మీటర్ల లోతుకు చదరపు సెంటీమీటరుకు ఒక కేజీ చొప్పున ముల్లు 1.08, 0.77, 0.46 దగ్గర నిలవాలి. గీతకూ గీతకూ మధ్య 0.05 ఉన్న డయలు మీద కంటికి తెలిసినంతవరకు అక్కడే నిలిచింది. ట్యాంకులో నీరు అర మీటరు తగ్గాక చూస్తే మూడు చోట్లా సరిగ్గా ఒక్కొక్క గీత దిగింది, అది చూసినప్పుడు పెట్టిన డబ్బు గిట్టిందనిపించింది.

బాబాయిగారి సలహాకు సమాధానం కూడా ఆ గీతలలోనే దొరికింది. పీడనం నీటి మట్టం నుంచి ఉన్న లోతును బట్టే గానీ, పైనున్న పాత్ర వెడల్పును బట్టి మారదని ఫ్లెమిష్ గణితవేత్త సైమన్ స్టెవిన్ 1586లోనే రాశాడు. వెయ్యి లీటర్ల ట్యాంకు ఒక అడుగు ఎత్తుగా ఉన్నా, దాని వల్ల కలిసివచ్చేది 0.03 కేజీ, అదీ ట్యాంకు నిండి ఉన్నంతసేపే. స్టాండును మీటరు లేపినా 0.1 కేజీ పెరుగుతుంది, అంతే.

షవరు సమస్యకు లోతు సగం కారణమే. గేజ్ బిగించి ఉండగా పక్కనే ఉన్న స్నానాలగది కుళాయి తిప్పితే 0.46 దగ్గరున్న ముల్లు 0.2కు పడిపోయింది, అరంగుళం పైపులోనూ దాని ఎల్బోలలోనూ (మలుపు ముక్కలలోనూ) పారే నీటికి కలిగే ఒరిపిడి మిగిలినదంతా తినేస్తోంది. అందువల్ల మోటారు మాట పక్కన పెట్టి, పై అంతస్తుకు ట్యాంకు నుంచి విడిగా ముప్పావు అంగుళం లైను వేయిస్తున్నాను.

గేజ్ విషయానికి వస్తే, దుకాణదారు ముందుగా చూపినది పది కేజీల డయలు. అది ఇంటికి పనికిరాదు, ఎందుకంటే 1.6 తరగతి గేజ్‌కు తప్పు పూర్తి డయలులో 1.6 శాతం వరకు ఉండవచ్చు. పది కేజీల డయలు మీద అది 0.16 కేజీ, అంటే 1.6 మీటర్ల నీరు, సగం అంతస్తు ఎత్తు. 2.5 కేజీల డయలు మీద అదే తప్పు 40 సెంటీమీటర్లకు తగ్గుతుంది. లోపలి నిర్మాణం ఫ్రెంచి ఇంజనీరు యూజీన్ బూర్డాన్ 1849లో పేటెంటు తీసుకున్నదే: పీడనం పెరిగేకొద్దీ వంకర గొట్టం విచ్చుకుని ముల్లును తిప్పుతుంది. గ్లిజరిన్ వల్ల ముల్లు వణకదు, అయితే మోటారు దగ్గర వాడనివారికి దాని అవసరం పెద్దగా లేదు.

ఇబ్బందులు రెండు. ఎండలో మేడ మీద వదిలేస్తే నీటికి కలపకుండానే ముల్లు సున్నా నుంచి పక్కకు జరిగింది. వేడికి డబ్బాలోపలి గాలి, గ్లిజరిన్ వ్యాకోచించడం దీనికి కారణం. పైనున్న రబ్బరు బిరడా చివర కత్తిరించగానే ముల్లు సున్నాకు వచ్చింది. ఈ సంగతి పెట్టె మీద రాయలేదు, అమ్మినవారూ చెప్పలేదు. ఇక గేజ్ మర పావు అంగుళం కాబట్టి కుళాయికి తగిన రిడ్యూసర్ (రెండు సైజుల మరలను కలిపే ముక్క), టెఫ్లాన్ టేపు విడిగా కొనుక్కోవాలి. రిడ్యూసర్ ఇత్తడిదే తీసుకోండి, నేను మొదట కొన్న ప్లాస్టిక్‌ది రెండోసారి బిగించేసరికి మర పోయింది.