క్రోమ్, ఫైర్‌ఫాక్స్ పాస్‌వర్డ్ మేనేజర్లు: మండీ లెక్కల అప్లికేషన్ల మీద చాలాకాలం వాడాక

కర్నూలు మార్కెట్ యార్డు దగ్గర కమీషన్ మండీల్లో ఒకే సిస్టమ్ మీద ఇద్దరు ముగ్గురు గుమాస్తాలు పనిచేస్తారు. బిల్లింగ్ అప్లికేషన్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. అలాంటిచోట క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ల సొంత పాస్‌వర్డ్ మేనేజర్లనూ (లాగిన్ వివరాలు గుర్తుపెట్టుకుని తర్వాత తామే నింపే సదుపాయాలు) వాడుతూ వస్తున్నాను. రెండూ నమ్మదగినవే. సేవ్ కాలేదన్నా, తప్పుగా నింపిందన్నా ముందు అనుమానించాల్సింది లాగిన్ ఫారాన్నే.

పాస్‌వర్డ్ పెట్టెకు ముందున్న టెక్స్ట్ పెట్టె యూజర్‌నేమ్ అయి ఉంటుందని బ్రౌజర్ ఊహిస్తుంది. ఆ రెండింటి మధ్య క్యాప్చా (మనిషేనని తేల్చుకోడానికి తెరమీద చూపిన అంకెలు కొట్టించే పెట్టె) పెట్టారా, ఇక అంతే, ఆ అంకెలనే యూజర్‌నేమ్ అనుకుంటుంది. సేవ్ అయిన పాస్‌వర్డ్‌ల జాబితా తెరిస్తే గుమాస్తాల పేర్లకు బదులు 48213, 90557 లాంటి అంకెలు వరసగా కనిపిస్తాయి. క్యాప్చాను పాస్‌వర్డ్ కిందికి దించాలి. పెట్టెలకు ఆటోకంప్లీట్ (ఏ పెట్టెలో ఏం నింపాలో బ్రౌజర్‌కు చెప్పే గుర్తు) విలువలు కోడ్‌లో స్పష్టంగా ఇవ్వాలి: పేరుకు 'యూజర్‌నేమ్', లాగిన్ పాస్‌వర్డ్‌కు 'కరెంట్-పాస్‌వర్డ్'. రెండు పెట్టెలూ ఒకే ఫారం ట్యాగు లోపల ఉండాలి, బటన్ సబ్మిట్ రకానిదై ఉండాలి.

ఎక్కువ నష్టం చేసేది 'కొత్త యూజర్' పేజీ. యజమాని దాన్ని తెరవగానే ఆయన పాస్‌వర్డే అందులో నిండిపోతుంది, దాని ముందున్న ఫోన్ నంబరు పెట్టెలో ఆయన యూజర్‌నేమ్ వచ్చి కూర్చుంటుంది. చూసుకోకుండా సేవ్ కొడితే కొత్త గుమాస్తాకు యజమాని పాస్‌వర్డే పడుతుంది. చాలామంది డెవలపర్లు ఇక్కడ ఆటోకంప్లీట్‌ను 'ఆఫ్' చేసి ఊరుకుంటారు. పాస్‌వర్డ్ పెట్టెల విషయంలో బ్రౌజర్లు ఆ మాట లెక్కచేయవు. 'న్యూ-పాస్‌వర్డ్' అని ఇస్తేనే ఇది కొత్తదని వాటికి తెలుస్తుంది, బలమైన పాస్‌వర్డ్ కూడా సూచిస్తాయి.

పేజీ మారకుండా లాగిన్ అయ్యే అప్లికేషన్లలో క్రోమ్ కొన్నిసార్లు 'సేవ్ చేయాలా' అని అడగనే అడగదు. లాగిన్ అయిందని దానికి ఆనవాలు కావాలి. ఫారాన్ని దాచి వదిలేయకుండా పేజీలోంచి పూర్తిగా తీసేసి, పుష్‌స్టేట్‌తో (పేజీని మళ్లీ లోడ్ చేయకుండానే చిరునామా మార్చే జావాస్క్రిప్ట్ ఆదేశం) చిరునామా మార్చితే సరిపోతుంది. ఇంకో చిక్కు: పేజీ తెరవగానే క్రోమ్ నింపిన పాస్‌వర్డ్ కంటికి కనిపిస్తుంది గానీ, పేజీ మీద ఎక్కడైనా క్లిక్ చేసేదాకా జావాస్క్రిప్ట్‌కు ఆ పెట్టె ఖాళీగానే ఉంటుంది. పెట్టెలు నిండితేనే లాగిన్ బటన్ వెలగాలని కోడ్ రాస్తే, రెండూ నిండి కనిపిస్తున్నా బటన్ మసకగానే ఉండిపోతుంది. బటన్‌ను ఎప్పుడూ తెరిచే ఉంచి, సబ్మిట్ అయ్యాక తనిఖీ చేయడమే మంచి పద్ధతి.

పేరు ఒక పేజీలో, పాస్‌వర్డ్ మరో పేజీలో అడిగే లాగిన్లకు రెండో పేజీలోనూ యూజర్‌నేమ్ పెట్టె ఉంచండి, కనబడకపోయినా ఫర్వాలేదు.

మండీలో సర్వర్ లోపలి నెట్‌వర్క్ మీదే ఉంటే మరో జాగ్రత్త. పాస్‌వర్డ్ సర్వర్ చిరునామాకూ పోర్టుకూ (చిరునామా చివర కోలన్ తర్వాత వచ్చే అంకె) కట్టుబడి సేవ్ అవుతుంది. కరెంటు పోయి వచ్చాక రూటర్ సర్వర్‌కు 192.168.1.20 బదులు 192.168.1.23 ఇచ్చిందంటే సేవ్ అయినవన్నీ పోయినట్టే కనిపిస్తాయి. నిజానికి అవి పాత చిరునామా కింద భద్రంగానే ఉంటాయి. రూటర్‌లో సర్వర్‌కు ఒకే అడ్రస్ రిజర్వ్ చేసేయండి.

నలుగురు వాడే సిస్టమ్ అయితే నా ఓటు ఫైర్‌ఫాక్స్‌కే. దాని ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టుకుంటే బ్రౌజర్ తెరిచాక ఒకసారి అది కొట్టనిదే ఏ లాగిన్నూ నింపదు. అయితే ఒకసారి కొట్టాక బ్రౌజర్ మూసేదాకా తెరిచే ఉంటుంది, కాబట్టి సాయంత్రం తప్పక మూయాలి. ఎవరి సిస్టమ్ వారిదే అయితే క్రోమ్ చాలు.

ఫారం అంతా సరిచేసినా సేవ్ అడగడం లేదంటే, సేవ్ చేయాలా అని అడిగినప్పుడు ఎవరో ఎప్పుడో 'నెవర్' (ఎప్పుడూ వద్దు) నొక్కి ఉంటారు. క్రోమ్‌లో పాస్‌వర్డ్ మేనేజర్ సెట్టింగుల్లోని తిరస్కరించిన సైట్ల జాబితాలోంచి, ఫైర్‌ఫాక్స్‌లో పాస్‌వర్డ్‌ల కింది ఎక్సెప్షన్స్‌లోంచి ఆ చిరునామా తీసేయాలి. మార్పులను ఇన్‌కాగ్నిటోలో (చరిత్ర దాచుకోని ప్రైవేటు విండో) పరీక్షించకండి, అందులో క్రోమ్ సేవ్ చేయమని అడగదు. వేరే ప్రొఫైల్ తెరిచి చూడండి.