జనరేటరా, ఇన్వర్టరా, సోలారా? దక్షిణాఫ్రికా కరెంటు కోతల్లో ఏది మేలు?

దక్షిణాఫ్రికాలో కరెంటు కోతలకు స్టేజీలు ఉంటాయి, ఒకటి నుంచి ఎనిమిది దాకా. స్టేజీ ఒకటి పెరిగిందంటే దేశం మొత్తం మీద ఇంకో 1,000 మెగావాట్ల వాడకాన్ని ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఎస్కామ్ ఆపేస్తోందని అర్థం. రెండో స్టేజీలో రోజుకు ఒకటి రెండుసార్లు, రెండేసి గంటలు పోతుంది. ఎలాగో సర్దుకుపోవచ్చు. ఆరో స్టేజీకి వచ్చేసరికి రోజుకు ఎనిమిది నుంచి పది గంటలు కరెంటు ఉండదు. 2023లో 300కు పైగా రోజులు ఏదో ఒక స్టేజీ నడుస్తూనే ఉంది. ఆ ఏడాది జొహానెస్‌బర్గ్‌లో ఇద్దరు తెలుగువాళ్లు కలిస్తే "మీ ఇంట్లో ఏం పెట్టించారండీ?" అనే పలకరించుకునేవారు.

పెట్టించడానికి డబ్బు కూడా ఉండాలి కదా. పని చేస్తున్నవాళ్లను, పని కోసం చూస్తున్నవాళ్లను కలిపి లెక్కేస్తే దాదాపు మూడో వంతు మందికి ఉద్యోగం లేని దేశం ఇది. 2023 మేలో బ్యాంకుల ప్రైమ్ వడ్డీ, అంటే అప్పులకు మూలంగా తీసుకునే రేటు, 11.75 శాతానికి చేరింది. అదే ఏడాది ఎస్కామ్ ఛార్జీలు 18.65 శాతం పెంచుకోవడానికి నియంత్రణ సంస్థ నెర్సా ఒప్పుకుంది. అంటే అప్పట్లో కరెంటు సరిగా రాదు, వచ్చినదానికి ఎక్కువ కట్టాలి, సొంతంగా ఏదైనా పెట్టించుకుందామంటే అప్పు కూడా ఖరీదే. ఇలాంటప్పుడు పక్కింట్లో ఏం పెట్టించారో చూసి మనమూ అదే పెట్టించడం సరైన పద్ధతి కాదు.

ముందు జనరేటర్ సంగతి. కొనేటప్పుడు దీనికి అయ్యేది తక్కువే, అసలు ఖర్చు తర్వాత మొదలవుతుంది. చిన్న పెట్రోల్ జనరేటర్ ఓ మోస్తరు లోడు మీద గంటకు దాదాపు లీటరు తాగుతుంది. లీటరుకు రెండు యూనిట్లు వచ్చాయనుకుందాం. 2022 జులైలో ఇక్కడి లోపలి ప్రాంతాల్లో 95 రకం పెట్రోల్ లీటరు 26 రాండ్లు (రాండ్ ఇక్కడి కరెన్సీ) దాటింది. ఆ లెక్కన ఇంధనానికే యూనిట్‌కు 13 రాండ్లు. అప్పట్లో గ్రిడ్ నుంచి వచ్చే యూనిట్ రెండు మూడు రాండ్లే. ఇక నాలుగు బల్బులు, వైఫై కోసం నడిపితే ఈ లెక్క ఇంకా ఘోరంగా ఉంటుంది, ఎందుకంటే లోడు తక్కువైనా ఇంజిన్ తాగుడు అంతగా తగ్గదు. ఎస్కామ్ కూడా బొగ్గు కేంద్రాలు మొరాయించినప్పుడల్లా డీజిల్ టర్బైన్లు తిప్పి వేల కోట్ల రాండ్లు తగలేసింది. దేశానికే గిట్టుబాటు కాని పద్ధతి ఇంటికి ఎలా గిట్టుతుంది? మాంసం దుకాణానికో, ఫ్రీజర్లు ఉన్న చిన్న హోటల్‌కో అయితే వేరే మాట. సరుకు పాడయ్యే నష్టం ముందు పెట్రోల్ ఖర్చు చిన్నదే. ఇంట్లో తప్పనిసరై పెట్టినా గ్యారేజీలో మాత్రం నడపకండి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

ఇన్వర్టర్, బ్యాటరీ జతకు ఇక్కడ గిరాకీ ఎక్కువ. చక్రాల పెట్టెలో ఇన్వర్టర్, బ్యాటరీ రెండూ పెట్టి అమ్మే ట్రాలీలు చాలా ఇళ్లలో కనిపిస్తాయి. గోడకు ప్లగ్ పెడితే చాలు, వైరింగ్ ముట్టుకోనక్కర్లేదు. లైట్లు, రూటర్, టీవీ, ల్యాప్‌టాప్ కలిపి 250 వాట్లు అనుకుంటే రెండున్నర గంటల కోతకు ముప్పావు యూనిట్ కూడా పట్టదు. కాబట్టి చిన్నది చాలు అనిపిస్తుంది. చిక్కల్లా బ్యాటరీ రకంలో ఉంది. 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో పేరుకు 1.2 యూనిట్లు ఉంటాయి. అది పది కాలాలు ఉండాలంటే అందులో సగమే వాడాలి, అంటే 0.6 యూనిట్. పైగా నిండడానికి ఎనిమిది, పది గంటలు కావాలి. ఆరో స్టేజీలో కోతకూ కోతకూ మధ్య అంత సమయం దొరకదు. సగం నిండిన బ్యాటరీనే మళ్లీ పిండాల్సి వస్తుంది. కొన్ని నెలలకే అది చేతులెత్తేస్తుంది. అమ్మినవాడు "వారంటీ ఇలాంటి వాడకానికి కాదు" అంటాడు, అదీ నిజమే.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి ధర బాగా ఎక్కువే. కానీ ఎనభై, తొంభై శాతం దాకా వాడుకోవచ్చు, రెండు మూడు గంటల్లో నిండుతుంది, వేల సార్లు నింపి ఖాళీ చేసినా నిలుస్తుంది. కోతలు రోజూ ఉండే చోట ఐదేళ్ల లెక్క తీస్తే లెడ్ యాసిడే ఖరీదు. నెలకోసారి పోయే చోట మాత్రం లిథియం మీద డబ్బు పోయడం దండగ. ఒక విషయం మరిచిపోకూడదు. బ్యాటరీ కరెంటును తయారు చేయదు. గ్రిడ్ నుంచి తీసుకుని దాచి, మధ్యలో కొంత పోగొట్టి, తర్వాత ఇస్తుంది. బిల్లు ఒక్క రాండ్ కూడా తగ్గదు, కొద్దిగా పెరుగుతుంది.

బిల్లు తగ్గేది సోలార్ ప్యానెళ్లతోనే. ఎస్కామ్ అంచనా ప్రకారం 2022 మార్చిలో ఇళ్లు, వ్యాపారాల పైకప్పుల మీద 983 మెగావాట్ల ప్యానెళ్లు ఉంటే, 2023 జూన్‌కల్లా అవి 4,400 మెగావాట్లు దాటాయి. జనం అప్పు చేసి మరీ పెట్టించారు. 2023 మార్చి నుంచి ఏడాది పాటు ప్యానెళ్ల ఖరీదులో 25 శాతం, గరిష్ఠంగా 15,000 రాండ్లు, ఆదాయపన్నులో తగ్గింపు ఇచ్చారు. అదీ ప్యానెళ్లకే. ఇన్వర్టర్‌కు, బ్యాటరీకి లేదు. పన్ను కట్టేంత ఆదాయం లేనివాళ్లకు దానితో ఒరిగిందేమీ లేదు.

జొహానెస్‌బర్గ్ ఉన్న గౌటెంగ్ రాష్ట్రంలో చలికాలం పొడిగా, ఎండగా ఉంటుంది. కాబట్టి హీటర్లు నడిచే రోజుల్లో కూడా పైకప్పు బాగానే పనిచేస్తుంది. 5 కిలోవాట్ల ప్యానెళ్లు మంచి ఎండ రోజున 25 యూనిట్ల దాకా ఇస్తాయి. మధ్యాహ్నం మిగులుతో గీజర్ వేడెక్కేలా టైమర్ పెట్టుకుంటే ఇంట్లో అందరికన్నా ఎక్కువ కరెంటు తినేది గ్రిడ్ నుంచి తప్పుకుంటుంది. కేప్‌టౌన్‌లో ఇది తలకిందులు. అక్కడ చలికాలమే వానాకాలం, అవసరం పెరిగినప్పుడే ఎండ తగ్గుతుంది.

చాలామందికి తెలియక దెబ్బతినేది ఇంకోటి ఉంది. బ్యాటరీ లేకుండా మామూలు గ్రిడ్-టై ఇన్వర్టర్‌తో (గ్రిడ్ కరెంటు ఉంటేనే పనిచేసే రకం) ప్యానెళ్లు పెట్టిస్తే, మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతున్నా కరెంటు పోగానే అదీ ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకుండా అలా ఆగాలన్నది నియమం. కాబట్టి కోతలకే భయపడి సోలార్ అనుకునేవాళ్లు ప్యానెళ్లు, బ్యాటరీ, గ్రిడ్ మూడింటితోనూ నడిచే హైబ్రిడ్ ఇన్వర్టరే తీసుకోవాలి, బ్యాటరీ చిన్నదైనా ఉండాలి.

2024 మార్చి 26 తర్వాత పది నెలల పాటు కోతలే లేవు. 2025 జనవరి 31న మళ్లీ వచ్చాయి, తర్వాత కూడా అడపాదడపా వచ్చాయి. 2007కల్లా కరెంటు చాలదని 1998 నాటి ప్రభుత్వ శ్వేతపత్రమే హెచ్చరించింది, చెప్పినట్టే ఆ ఏడాది చివర్లో కోతలు మొదలయ్యాయి. ఆ లోటు పూడ్చడానికి కట్టిన మెడుపి, కుసిలే కేంద్రాలకు పదేళ్లకు పైగా పట్టింది. అందుకని ఇక కోతలు రావని నేను పందెం కాయను. కానీ రాని నెలల్లో ఏం జరిగిందో చూడండి. జనరేటర్ మూల పడింది, ట్రాలీ మీద దుమ్ము పేరుకుంది. ప్యానెళ్లు మాత్రం పనిచేస్తూనే ఉన్నాయి, ఛార్జీలు పెరిగే కొద్దీ వాటి విలువ కూడా పెరిగింది. అయితే మున్సిపాలిటీలు కూడా ఊరుకోలేదు. జొహానెస్‌బర్గ్‌లో 2024 జులై నుంచి ప్రీపెయిడ్ ఇళ్ల మీద నెలకు 200 రాండ్ల స్థిర ఛార్జీ పడింది, పన్నుతో 230. కరెంటు ఎంత తక్కువ వాడినా అది తప్పలేదు.

అందుకే సొంత ఇల్లు ఉండి, మరో ఏడెనిమిదేళ్లు అక్కడే ఉంటామనుకునేవాళ్లకు నా ఓటు సోలార్‌కే. హైబ్రిడ్ ఇన్వర్టర్, కొన్ని ప్యానెళ్లు, 5 యూనిట్ల లిథియం బ్యాటరీతో మొదలుపెడితే చాలు, మిగతావి డబ్బు చేతికొచ్చినప్పుడు కలపొచ్చు. ఇల్లు మొత్తం గ్రిడ్ నుంచి తెంపేసుకుందామని ప్రైమ్ వడ్డీకి పెద్ద అప్పు చేయడం మాత్రం ఈ ఆర్థిక పరిస్థితిలో నాకు నచ్చదు. అద్దె ఇంట్లో ఉంటే పైకప్పు మనది కాదు. వాళ్లకు చిన్న లిథియం ట్రాలీ, వంటకు గ్యాస్ స్టవ్ చాలు. ఇల్లు మారితే వెంట వచ్చేస్తాయి.

టౌన్‌షిప్‌ల పరిస్థితి వేరు. వర్ణవివక్ష కాలంలో నల్లవాళ్లకు ఊరి అంచున కేటాయించిన పేటలివి. అక్కడ స్టేజీలతో సంబంధం లేకుండా, ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోతున్నాయని ఉదయం, సాయంత్రం లోడ్ రిడక్షన్ పేరుతో కరెంటు తీసేస్తారు. దేశంలో కోతలు ఆగాయన్న వార్త వచ్చాక కూడా వాళ్లకు ఆగలేదు. సరిగ్గా వంట వేళ పోతుంది కాబట్టి అక్కడ మొదటి రాండ్ గ్యాస్‌కు, రెండోది ఛార్జింగ్ లైట్లకు పెట్టాలి. ఇన్వర్టర్ మాట తర్వాత.

సోలార్ పెట్టించేవాళ్లు పని అయ్యాక ఎలక్ట్రీషియన్ దగ్గర సర్టిఫికెట్ ఆఫ్ కంప్లయన్స్ (వైరింగ్ నిబంధనల ప్రకారమే ఉందనే ధ్రువపత్రం) తప్పకుండా తీసుకోండి, మున్సిపాలిటీలోనో ఎస్కామ్‌లోనో రిజిస్టర్ చేయించండి. ఆ కాగితం లేకపోతే నిప్పంటుకున్న రోజున ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ తిప్పికొట్టే వీలుంది.