మెట్‌పల్లి, నిర్మల్, ఆదిలాబాద్: స్నేహితుల ఇళ్లకు సొంత కారా, బస్సా, అద్దె బండా?

కాశీ, గయ, అయోధ్య, పూరీ చూపించే యాత్రా రైలులో మాకు మూడు జంటలతో స్నేహం కుదిరింది. మెట్‌పల్లిలో పసుపు పండించే అన్నావదినెలు, నిర్మల్‌లో ఉపాధ్యాయుడిగా రిటైరైన బావగారు, ఆయన భార్య, ఆదిలాబాద్‌లో పత్తి వ్యాపారం కొడుకుల చేతిలో పెట్టిన మరో దంపతులు మా బోగీలోనే ఉన్నారు. వరుసలు కలుపుకోవడం రైల్లోనే అయిపోయింది. తిరిగి వచ్చిన నాటి నుంచి ముగ్గురూ రమ్మని ఫోన్లు చేస్తూనే ఉన్నారు. బ్యాంకులో రిటైరైన మావారికి 66 ఏళ్లు, ప్రభుత్వ బడిలో రిటైరైన నాకు 62. వెళ్లాలా వద్దా అన్నది మా ఇంట్లో ఎప్పుడూ ప్రశ్న కాలేదు కానీ, ఎలా వెళ్లాలన్న దగ్గర మాత్రం ఏడాదిగా వాదన నడుస్తోంది. ఈ ఏడాదిలో బస్సులో ఒకసారి, అద్దె బండిలో ఒకసారి, సొంత కారులో ఒకసారి ఆ ఊళ్లలో ఏదో ఒకదానికి వెళ్లి వచ్చాము కనుక, మా వయసు వారికి పనికివస్తుందని ఈ పోలిక రాస్తున్నాను.

దారి మా ఊరు హనుమకొండ నుంచి హుజూరాబాద్, కరీంనగర్, జగిత్యాల, కోరుట్ల మీదుగా మెట్‌పల్లికి, అక్కడి నుంచి ఆర్మూర్ చేరి 44వ జాతీయ రహదారి ఎక్కి, సోన్ వద్ద గోదావరి దాటి నిర్మల్‌కు, చివరికి ఆదిలాబాద్‌కు పోతుంది. మొత్తం 300 కిలోమీటర్లకు పైమాటే. ఒక్క రోజులో చేరలేనంత దూరమేమీ కాదు కానీ, మేము వెళ్లేది మూడు ఇళ్లకు కనుక, ఏ ఇంట్లోనూ ఒక రాత్రి నిద్ర చేయకుండా కదలనివ్వరు కనుక, ఇది నాలుగు రోజుల ప్రయాణం.

రైలు సంగతి ముందే తేల్చేస్తాను. పెద్దపల్లి నుంచి కరీంనగర్, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా నిజామాబాద్ వెళ్లే లైను ఉన్నా దాని మీద తిరిగే బండ్లు తక్కువ. నిర్మల్‌కు రైల్వే స్టేషనే లేదు. వరంగల్ నుంచి ఆదిలాబాద్‌కు నేరుగా పోయే కృష్ణా ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాద్ పోయి, నిజామాబాద్, బాసర మీదుగా మహారాష్ట్రలోని ముద్‌ఖేడ్ చేరి, అక్కడ మలుపు తిరిగి కిన్వట్ మీదుగా ఆదిలాబాద్ చేరుతుంది. ముక్కు ఎక్కడంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టే. పైగా మగవారికి 40 శాతం, ఆడవారికి 50 శాతం ఉండిన వృద్ధుల రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది. ఆదిలాబాద్ ఒక్కదానికే వెళ్లేవారు రాత్రి పడుకుని పోవచ్చు, కింది బెర్తు కోటా ఇంకా ఉంది. మూడు ఊళ్ల ప్రయాణానికి మాత్రం రైలు కుదరదు.

ఇక బస్సు. హనుమకొండ నుంచి కరీంనగర్, జగిత్యాల మీదుగా నిజామాబాద్ వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మెట్‌పల్లిలో దిగవచ్చు. మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9న మొదలైనప్పటి నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ కార్డు చూపితే నాకు జీరో టికెట్టు వస్తుంది, మావారు ఒక్కరికే డబ్బులు కట్టాలి. ఖర్చు విషయంలో దీనికి సాటి లేదు. డ్రైవింగ్ భయం లేదు, కిటికీ పక్కన కూర్చుంటే కాకతీయ కాలువ ఎక్కడెక్కడ ఎదురవుతుందో లెక్కపెట్టుకుంటూ పోవచ్చు. కానీ ఉచితం వచ్చిన తరువాత ఎక్స్‌ప్రెస్‌లలో సీటు దొరకడం కష్టమైంది. సీటు కోసం డీలక్స్ ఎక్కితే నా ఉచితం పోతుంది. మోకాళ్ల నొప్పులున్న నాకు ఆ ఎత్తైన మెట్లు ఒక పరీక్ష, షుగర్ ఉన్న మావారికి మధ్యలో ఆపమని అడగలేకపోవడం మరో పరీక్ష. కరీంనగర్ బస్టాండు వచ్చేదాకా ఆయన మంచినీళ్లు ముట్టలేదు.

సామాను కథ వేరే. సంక్రాంతి తరువాత వెళుతూ, రెండు కిలోల సకినాలను స్టీలు డబ్బాలో గుడ్డ పరిచి వరుసలుగా పేర్చి, మూతకు తాడు కట్టి తీసుకువెళ్లాను. కరీంనగర్‌లో ఎక్కిన జనంలో ఎవరో ఆ డబ్బాను పీటగా చేసుకున్నారు. మెట్‌పల్లిలో మూత తీస్తే పైవరుసలో నాలుగు చుట్లు తప్ప మిగిలినదంతా నువ్వులతో సహా పొడి. వదినె నవ్వి, దాన్ని గిన్నెలోకి వంచి పాలు పోసుకుని తిన్నది కానీ, నా మనసు మాత్రం చివుక్కుమంది. తిరుగు ప్రయాణంలో ఆమె ఇచ్చిన ఐదు కిలోల పసుపు సంచీ మోయలేక సగం అక్కడే వదిలి వచ్చాము.

అద్దె బండిలో నిర్మల్ వెళ్లాము. డ్రైవరుతో సహా మాట్లాడుకున్న కారులో ఉన్న సుఖం గురించి రెండో మాట లేదు: ఇంటి ముందే ఎక్కుతాము, ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపుతారు, మావారు కూడా స్టీరింగు కాకుండా దారి చూస్తారు. లెక్క దగ్గరే చిక్కు. ఊరు దాటిన ప్రయాణానికి రోజుకు కనీసం 250 లేదా 300 కిలోమీటర్లు వేసుకోవడం ట్రావెల్స్ వారి ఆనవాయితీ. మూడు ఊళ్లకూ కలిపి నాలుగు రోజులకు అడిగితే, మేము తిరిగేది 700 కిలోమీటర్లే అయినా 1,200 కిలోమీటర్లకు, కిలోమీటరుకు 13 రూపాయల చొప్పున 15,600 రూపాయలు, రోజుకు 500 చొప్పున డ్రైవరు బత్తా 2,000 రూపాయలు, వీటిపైన టోలు అన్నారు. స్నేహితుల ఇంటి ముందు బండి నిలబడి ఉన్నందుకే సగం డబ్బు పోతుందన్నమాట. అందుకే నిర్మల్ ఒక్కదానికే కుదించుకున్నాము.

డబ్బు కన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది వేరే విషయం. మనతో వచ్చిన డ్రైవరు అవతలి ఇంటికి మూడో అతిథి. అతనికీ అన్నం పెట్టాలి, పడుకోవడానికి చోటు చూపాలి. నిర్మల్‌లో అక్కయ్య రాత్రి పదింటికి అతని కోసం మళ్లీ రొట్టెలు చేస్తుంటే నేను వంటింట్లో తలెత్తుకోలేకపోయాను. మర్నాడు భోజనాలు కాకముందే అతను గుమ్మంలో నిలబడి, "సార్, చీకటి పడకముందే కరీంనగర్ దాటాలె, బయలెల్లుదామా?" అన్నాడు. అతని తప్పు కాదు, మర్నాడు అతనికి వేరే బేరం ఉంది. బండి మాట్లాడేటప్పుడు నంబరు ప్లేటు ఏ రంగులో ఉందో తప్పక చూడాలి. మాకు ముందు పంపింది తెల్ల ప్లేటు బండి. సొంత వాడకానికి రిజిస్టరైన కారును అద్దెకు తిప్పడం చట్టవిరుద్ధం, ప్రమాదం జరిగితే బీమా కంపెనీ పరిహారం నిరాకరించవచ్చు. మేము ఆ బండి తిప్పి పంపి, పసుపు ప్లేటు బండి వచ్చేదాకా రెండు గంటలు కూర్చున్నాము.

సొంత కారు ఖర్చు మధ్యస్థంగా ఉంటుంది. మా చిన్న కారు లీటరుకు 16 కిలోమీటర్లు ఇస్తుంది కనుక 700 కిలోమీటర్లకు, లీటరు 107 రూపాయల లెక్కన, పెట్రోలుకు సుమారు 4,700 రూపాయలు. ఆర్మూర్ దాటిన తరువాత గంజాల్, రోల్‌మామడ టోలు గేట్లు తగులుతాయి. 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకు ఇస్తున్న ఫాస్టాగ్ వార్షిక పాస్ (మొదలైనప్పుడు ధర 3,000 రూపాయలు) ఏడాది పాటు లేదా 200 సార్లు గేట్లు దాటేదాకా, ఏది ముందైతే అంతవరకు చెల్లుతుంది. ఈ ఒక్క ప్రయాణం కోసమే కొనడం దండగ. నెలనెలా హైదరాబాద్‌లోని పిల్లల దగ్గరికి కొమళ్ల, గూడూరు గేట్లు దాటి వెళ్లే మాలాంటి వారికి మాత్రం గిట్టుబాటవుతుంది. అద్దె బండికి ఈ పాస్ వర్తించదు.

అయితే కారు ఎంత మంచిదైనా నడిపే కళ్లు మంచివై ఉండాలి. మావారికి ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండో కంటికి కావలసి ఉంది. పగలు ఇబ్బంది లేదు. చీకటి పడితే ఎదురు లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తాయని ఆయనే ఒప్పుకుంటారు, అదీ రెండుసార్లు అడిగితే. నవంబరులో మెట్‌పల్లి నుంచి తిరిగి వస్తూ, జగిత్యాల ఇవతల పొద్దుగూకిన తరువాత, రోడ్డు సగం మీద ఆరబోసిన వడ్ల కుప్ప, దానిపైన కప్పిన నల్ల పరదా, అంచున వరుసగా పేర్చిన రాళ్లు మా లైట్లలో చివరి క్షణం దాకా కనపడలేదు. ఎడమ టైరు ఒక రాయిని ఎక్కి దిగింది. కారుకు ఏమీ కాలేదు, మేమిద్దరమూ కరీంనగర్ దాకా మాట్లాడుకోలేదు. కోతల కాలంలో ఆ రోడ్ల మీద వడ్లు, వెనుక లైటు లేని ట్రాక్టరు ట్రాలీలు మామూలే. రైతుకు కల్లం లేదు, అతన్ని అని లాభం లేదు. ఆ రోజుల్లో మనమే వెలుగుండగా చేరుకోవాలి. లైసెన్సు సంగతీ చూసుకోవాలి. 55 దాటిన వారికి అయిదేళ్లకొకసారి, డాక్టరు ఇచ్చే ఫారం 1ఏ జతపరచి రెన్యువల్ చేయించుకోవాలి.

ఇంతవరకు రాసినదాన్ని బట్టి చూస్తే అద్దె బండే సురక్షితం, బస్సే చౌక, సొంత కారే ప్రమాదం. అయినా నా మొగ్గు సొంత కారు వైపే. ఎందుకంటే బస్సులో మెట్‌పల్లి వెళ్లిన రోజు ఒక సంగతి గమనించాను. మధ్యాహ్నం భోజనం దాకా కాశీ ముచ్చట్లు బాగానే సాగాయి. ఆ తరువాత నలుగురమూ హాల్లో కూర్చుని టీవీ వైపు చూడసాగాము. బంధువులైతే చెప్పుకోవడానికి పెళ్లిళ్లు, భూములు, తగాదాలు ఉంటాయి. మాకు ఉన్నవి పన్నెండు రోజుల రైలు ముచ్చట్లే. చివరికి అన్న, "చెల్లే, కారు తెచ్చుకుంటే ధర్మపురి పోయొద్దుము గద" అన్నాడు. నవంబరులో కారు తీసుకువెళ్లినప్పుడు అదే చేశాము. ధర్మపురి గోదావరి ఒడ్డున మెట్ల మీద కూర్చుని పులిహోర తింటుంటే, గయలో చెప్పులు పోయిన సంగతి దగ్గర నుంచి అన్నీ మళ్లీ మొదలయ్యాయి. కదిలే బండిలో కుదిరిన స్నేహం కదిలే బండిలోనే తేటపడింది. అందువల్ల ఆ ఊరికి ఎలా చేరుకున్నామన్నది కాక, చేరుకున్న తరువాత నలుగురమూ ఎక్కడానికి ఏముందన్నదే నాకు అసలు లెక్క. అద్దె బండిలో అయిదో మనిషి డ్రైవరు, మాటలు సగం నోట్లోనే ఆగిపోతాయి.

కాబట్టి ఈసారి మూడు ఊళ్లకూ సొంత కారే, కానీ నా షరతుల మీద. రోజుకు ఒక్క ఊరు మాత్రమే. ఉదయం ఎనిమిదికి ముందు బయలుదేరము, ఆదిలాబాద్ వైపు చలికాలపు పొగమంచు విడిపోవాలి. సాయంత్రం ఐదు తరువాత స్టీరింగు ముట్టము. వడ్ల కోతలకూ, మేడారం జాతర ఉన్న ఏడాది జాతర రోజులకూ దూరంగా తేదీలు పెట్టుకుంటాము. నిర్మల్ నుంచి బావగారు, అక్కయ్య మా కారులోనే ఆదిలాబాద్ వస్తారు. ఆయన కళ్లు బాగున్నాయి, ఆ దారి ఆయనకు కొట్టిన పిండి, కనుక ఆ భాగం ఆయనే నడుపుతారు. కుంటాల జలపాతం చూడాలంటే మెట్లు చాలా దిగాలి కనుక నా మోకాళ్లకు పొచ్చెర జలపాతమే నయమని ఆయనే చెప్పారు. మావారి రెండో కంటి ఆపరేషన్ ముందు జరగాలి, ఆ తరువాత డాక్టరు నడపవచ్చన్నాకే తేదీ. డాక్టరు వద్దంటే బస్సులో మెట్‌పల్లి వరకే వెళతాము. సకినాల డబ్బా నా ఒళ్లో పెట్టుకుంటాను.